పైన పటారం, లోన లొటారం: స్టేజీ మీద ఖాళీ ఆంప్‌లు పెడితే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. హైదరాబాద్‌లో ఒక రాక్ షోకి వెళ్లాను. మామూలు టికెట్ 1,800 రూపాయలు. నేను 6,000 పెట్టి ‘ఆంప్ పిట్’ పాస్ కొన్నాను, ఎందుకంటే టికెట్ పేజీలో ‘స్టేజీ మీది ట్యూబ్ ఆంప్‌ల సౌండ్‌ని దగ్గర నిలబడి నేరుగా వినండి’ అని రాశారు (ఆంప్ అంటే గిటార్ సౌండ్‌ని పెంచే యంత్రం, ట్యూబ్ ఆంప్ అంటే పాత రేడియోల్లోలా వాల్వులతో పనిచేసేది). స్టేజీ మీద ఎనిమిది పెద్ద క్యాబినెట్లు, అంటే ఆంప్‌ల స్పీకర్ పెట్టెలు, ఉన్నాయి గానీ వాటిలోంచి చప్పుడే రాలేదు, సౌండంతా పక్కనున్న పెద్ద స్పీకర్ల నుంచే. షో అయ్యాక కుర్రాళ్లు ఒక్కో పెట్టెని ఒంటి చేత్తో ఎత్తుకెళ్తుంటే ఫోటోలు తీశాను. వెనక చెక్క లేదు, లోపల స్పీకర్ లేదు. నిర్వాహకుల మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా? నా డబ్బులు వెనక్కి వస్తాయా?

జవాబు: చీటింగ్ మాట ముందు పక్కన పెట్టేయండి. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద, అంటే పాత 420 కింద, కేసు నిలబడాలంటే టికెట్ అమ్మే రోజునే వాళ్లకి మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. మీరు స్టేషన్‌కి వెళ్లి పెట్టెల్లో స్పీకర్లు లేవు సార్ అంటే ఎస్సై గారు షో జరిగిందా లేదా అని ఒకటే అడుగుతారు, జరిగింది అని మీరు అన్నాక ఇది సివిల్ మేటర్, కన్జూమర్ కోర్టుకి వెళ్లండి అని పంపించేస్తారు. ఈ విషయంలో ఆయన్ని తప్పు పట్టలేం కూడా.

ఇంకో మాట, మీకు మింగుడు పడకపోవచ్చు. ఖాళీ క్యాబినెట్లు పెట్టడం దానంతట అదే నేరమూ కాదు, సేవాలోపమూ కాదు. రాక్ స్టేజీ మీద ఆ ఆంప్‌ల గోడ చాలా ఏళ్లుగా సగం అలంకారమే. 1965లో ద హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఆంప్‌లు తయారుచేసే జిమ్ మార్షల్‌ని అడిగి 100 వాట్ల ఆంప్ చేయించుకున్నాడంటే అప్పటి హాళ్లలో పీఏ స్పీకర్లు, అంటే జనం వైపు పెట్టే పెద్ద స్పీకర్లు, గొంతులకే సరిపోయేవి, గిటార్ జనానికి వినపడాలంటే ఆంప్ గట్టిగా మోగాల్సిందే. ఇప్పుడు ఆ అవసరం లేదు. నిజమైన ఆంప్ ఉన్నా ఒక్క స్పీకర్ ముందు ఒక్క మైక్ పెట్టి, ఆ సిగ్నల్ మిక్సర్‌కి పంపి, పీఏలోంచి వినిపిస్తారు. మిగతా పెట్టెలు ఫోటోల కోసం. చాలా బ్యాండ్లు ఆ ఒక్కటి కూడా మానేసి కెంపర్, యాక్స్-ఎఫ్ఎక్స్, క్వాడ్ కార్టెక్స్ లాంటి మోడలర్లకి, అంటే ఆంప్ సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టెలకి, మారిపోయాయి, తమ వాయింపు వినడానికి చెవిలో ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు, ఇక స్టేజీ మీద డ్రమ్స్ తప్ప పెద్దగా మోగేదేమీ ఉండదు. రష్ బ్యాండ్ బేసిస్టు గెడ్డీ లీ అయితే తనకి వెనక ఆంప్‌లు అక్కర్లేదని ఆ ఖాళీలో ఒక టూర్‌లో బట్టలారబెట్టే డ్రయ్యర్లు, ఇంకో టూర్‌లో కోళ్లు కాల్చే ఓవెన్లు పెట్టుకున్నాడు. అది జోకని అందరికీ తెలుసు కాబట్టి అక్కడ మోసపోయినవాళ్లు లేరు.

మరి జోక్ అని చెప్పకుండా నిజం ఆంప్‌ల్లా కనపడేవి పెడితే? కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 17 వివరణ ప్రకారం ఊరికే చెప్పకుండా ఉండటం మోసం కాదు, చెప్పి తీరాల్సిన బాధ్యత ఉంటే తప్ప. ఇక సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో యశ్ రాజ్ ఫిల్మ్స్ కేసులో ఇచ్చిన తీర్పు ఉంది, అవతలి లాయర్ మొదట చదివేది అదే. ‘ఫ్యాన్’ సినిమా ప్రచారంలో చూపించిన పాట సినిమాలో లేదని ఒకావిడ కేసు వేస్తే కింది వినియోగదారుల కమిషన్లలో (అంటే కన్జూమర్ కోర్టుల్లో) 10,000 పరిహారం, 5,000 ఖర్చులు వచ్చాయి, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రమోషనల్ ట్రైలర్ చూపించినంత మాత్రాన అది కాంట్రాక్ట్ అయిపోదని, కళతో ముడిపడ్డ సేవల్లో ఇచ్చేవాళ్లకి కొంత స్వేచ్ఛ ఉంటుందని చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ పి.ఎస్. నరసింహ గారు. కాబట్టి మీరు 1,800 టికెట్‌తో వెళ్లి పోస్టర్‌లో ఆంప్‌ల గోడ చూసి నమ్మాను అని ఉంటే, ఫీజు దండగ, వద్దు అని నేనే చెప్పేవాణ్ని.

మీ దగ్గర ఉన్నది పోస్టర్ కాదు. ఒక నిర్దిష్టమైన మాట ఉంది, ఆ మాటకి విడిగా రేటు ఉంది. అదే చోట, అదే షోకి, ట్యూబ్ ఆంప్‌లు దగ్గరగా వినిపిస్తామని చెప్పి 4,200 ఎక్కువ తీసుకున్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(42) ప్రకారం వినోదం కూడా సేవే. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి అమ్మితే 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. ఇక్కడ కళాకారుడి స్వేచ్ఛ అనే వాదన అంతగా పనిచేయదని నా అభిప్రాయం, ఎందుకంటే బ్యాండ్ ఏ పరికరం మీద వాయించుకున్నా మనకి అభ్యంతరం లేదు, దాన్ని చూపించి పాస్ అమ్మడమే గొడవ.

అయితే మీ ఫోటోల్లో ఒక తిరకాసు ఉంది. అవి ఆ పెట్టెలు ఖాళీవని చూపిస్తాయి, అంతే. తెర వెనక నిజమైన ఆంప్ ఒకటి ఉంది, దానికి మైక్ పెట్టాం అని వాళ్లు అంటే? దీనికి మందు ఇన్‌పుట్ లిస్ట్. ప్రతి షోకి సౌండ్ ఇంజనీర్ దగ్గర ఏ ఛానెల్‌లో ఏముందో రాసిన కాగితం ఉంటుంది. గిటార్ వరసలో ఎస్ఎం57 లాంటి మైక్ పేరుంటే ఆంప్ ఉన్నట్టు. మైక్ ఏమీ లేకుండా గిటార్ ఎడమ, గిటార్ కుడి, ఎక్స్ఎల్ఆర్ (ఒక రకం కేబుల్) అని ఉంటే చాలావరకు మోడలర్ నుంచి నేరుగా తీసుకున్నట్టే. ఆ లిస్టు, బ్యాండ్ టెక్నికల్ రైడర్ (తమకి ఏ పరికరాలు కావాలో బ్యాండ్ ఇచ్చే జాబితా) రెండూ దాఖలు చేయించమని కమిషన్‌ని పిటిషన్‌లోనే అడగండి. తెర వెనక ఆంప్ ఉందని తేలినా ‘స్టేజీ మీది, నేరుగా’ అన్న మాట అబద్ధమే, కాకపోతే కేసు కాస్త బలహీనపడుతుంది.

శబ్ద కాలుష్య నిబంధనల వల్ల ఆంప్‌లు మోగించలేదని కూడా అంటారు, చూస్తూ ఉండండి. 2000 నాటి ఆ రూల్స్ ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, ఆవరణ సరిహద్దు దగ్గర సౌండ్ ఎంత ఉన్నా 75 డెసిబుల్స్ దాటకూడదు. నిజమే. కానీ ఆ రూల్స్ టికెట్లు అమ్మేనాటికే ఉన్నాయి కదా, మరి ఆ పాస్ ఎందుకు అమ్మారు?

అసలు గిటారే వాయించకుండా ట్రాక్ వేసి చేతులు ఊపారని మీకు అనుమానం ఉంటే అది వేరే కథ, చాలా పెద్ద కథ. పాడింది తాము కాదని బయటపడ్డాక 1990లో మిల్లీ వనిల్లీ జంట గ్రామీ అవార్డునే పోగొట్టుకుంది, అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకెక్కితే కొంత డబ్బు తిరిగిచ్చేలా రాజీ కుదిరింది. మీ ప్రశ్నలో అలాంటిదేమీ లేదు కాబట్టి అటు వెళ్లకండి, ఒక గట్టి పాయింట్ పక్కన ఒక ఊహ పెడితే రెండూ పోతాయి.

చేయాల్సింది: టికెట్ పేజీ ఇంకా ఉంటే ఈ రోజే స్క్రీన్‌షాట్ తీయండి, రెండు రకాల టికెట్ల రేట్లు కనపడేలా. తర్వాత నిర్వాహకులకీ టికెట్ అమ్మిన సైటుకీ 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి కాదు గానీ సగం కేసులు అక్కడే తేలిపోతాయి. 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కదలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి ఫిర్యాదు వేయండి. హైదరాబాద్ తిరగక్కర్లేదు, సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే విజయవాడలోనే వేసుకోవచ్చు. సేవకి మీరు కట్టింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, గడువు రెండేళ్లు, లాయర్ని పెట్టుకోవడం మీ ఇష్టం. అడగాల్సింది 4,200 తేడా, ప్రయాణం ఖర్చులు, ఓ మోస్తరు పరిహారం. షో అంతా చూసి వచ్చారు కాబట్టి మొత్తం 6,000 వస్తుందని నేను మాట ఇవ్వను. లక్షల్లో పరిహారం అడిగితే బెంచ్ మీద ఉన్నవాళ్లు మిమ్మల్నే అనుమానంగా చూస్తారు. బ్యాండ్‌ని పార్టీగా కలపకండి, ఆ మాటలు రాసింది వాళ్లని మీ దగ్గర ఆధారం లేదు.

ఇది తేలేదాకా ఆ ఫోటోలు పెట్టి ‘దొంగ బ్యాండ్’ అని పోస్టులు మాత్రం పెట్టకండి, పరువునష్టం కేసు వాళ్లు మీ మీద వేయగలరు, అప్పుడు టెన్షన్ అంతా మీకే. ఫోటోలు తీసిన ఫోన్ అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చింది) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడిగితే ఆ ఒరిజినల్ ఫైళ్ల మీదే ఇవ్వాల్సి ఉంటుంది.