తీర్చిన కార్డు బాకీ మళ్లీ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వేళచ్చేరిలో అద్దెకుంటున్నాం. చేతికొచ్చే జీతం 62,000 రూపాయలు. ఇంటి ఖర్చు, అద్దె, ఈఎంఐ కలిపి నెలకు 45,000. నిరుడు 16 శాతం వడ్డీకి 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని క్రెడిట్ కార్డు బాకీ కట్టేశాను. ఇప్పుడు మళ్లీ 85,000 అయింది. నెలకు 6,000 కట్టిన చీటీ ముగిసి 1.5 లక్షలు వచ్చాయి. చిన్న వ్యాపారుల అప్పులు తీర్చినా వాళ్లు మళ్లీ అప్పుల్లోనే పడ్డారన్న పరిశోధన గురించి చదివాను. ఎలాగూ తిరిగొచ్చే అప్పే కదా, ఈ డబ్బు షేర్ మార్కెట్ ఆప్షన్లలో (షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెంలా సాగే వ్యాపారం) పెట్టి, కార్డు బాకీకి టాపప్ లోన్ (ఉన్న లోన్‌పైనే అదనంగా ఇచ్చే అప్పు) తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అప్పు చేసి అప్పు తీర్చడం ఒకసారి చూశారు, రెండోసారి ఆ ఊసే ఎత్తకండి.

మీరు చదివింది డీన్ కార్లన్, సెంధిల్ ముల్లైనాథన్, బెంజమిన్ రాత్‌ల అధ్యయనం. 2018లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ పత్రంగా వచ్చింది. భారత్‌లోనూ ఫిలిప్పీన్స్‌లోనూ చిన్న వ్యాపారుల వడ్డీ అప్పులు తీర్చేస్తే, ఎక్కువమంది ఆరు వారాల్లోనే మళ్లీ అప్పు చేశారు. ఏడాది రెండేళ్లకు వాళ్లకూ, ఆ సాయం అందనివాళ్లకూ తేడా లేకుండా పోయింది.

దీన్నిబట్టి అప్పు తీర్చడం దండగ అనుకుంటే పొరపాటే. కోయంబేడు మార్కెట్లో రోజువారీ వడ్డీకి పొద్దున వెయ్యి తీసుకుని, సాయంత్రం వెయ్యీ యాభై కట్టే పళ్ల వ్యాపారి సంగతే చూడండి. అప్పు తీరిస్తే రోజుకు యాభై మిగులుతుంది. కానీ సరుకు కుళ్లిన రోజున, బిడ్డకు జ్వరం వచ్చిన రోజున దాచుకున్నది లేకపోతే వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్లాలి. నా దగ్గరికొచ్చే జీతగాళ్లలోనూ ఇదే చూస్తున్నాను.

మీరు పంపిన కార్డు స్టేట్‌మెంటు ముందు పెట్టుకున్నాను. నవంబరు వాననీళ్లకు బండి ఇంజను పాడై 9,400. బాబుకు డెంగీ వస్తే ఆసుపత్రికి 38,000. ఊళ్లో పెళ్లికి 22,000. మిగతాదంతా వడ్డీ, పన్ను. జల్సా ఖర్చు ఒక్కటీ లేదు! బాకీ తీర్చిన రోజున మీ ఖాతాలో అత్యవసర నిధి లేకపోవడమే అసలు తప్పు. ఎంతోమంది చేస్తున్న తప్పు ఇది, అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

చీటీ డబ్బులోంచి 85,000 ఈ రోజే కార్డుకు కట్టేయండి. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం, దానిపై జీఎస్టీ వేరు. మిగిలిన 65,000 వేరే బ్యాంకులో మీ దంపతులిద్దరి పేరిట ఖాతా తెరిచి వేయండి. ఆ ఖాతాకు యూపీఐ జోడించవద్దు. చీటీకి కట్టే 6,000 ఇకనుంచి ప్రతినెలా జీతం పడిన రోజే అందులోకి వెళ్లాలి. ఏడాదికల్లా మూడు నెలల ఖర్చు, అంటే 1.35 లక్షలు, సమకూరుతుంది. అంతవరకు మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్‌లు వద్దు, పర్సనల్ లోన్‌ను ముందుగా తీర్చే ఆలోచనా వద్దు.

ఆప్షన్ల మాట మరిచిపోండి. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే తేల్చింది. ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కనుక కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి.

వచ్చే వానల్లో బండి మళ్లీ ఆగితే మెకానిక్‌కు ఆ ఖాతాలోంచే ఇవ్వండి. తీసినంతా తరువాతి రెండు నెలల్లో నింపండి.