వీడియో చూసి ఇంట్లో చేసే యోగా సరిపోదా అని అడిగినవారికి

ఫోనులో వీడియోలు ఉచితంగా దొరుకుతుంటే, నెల నెలా డబ్బు కట్టి ఊళ్లోని చిన్న యోగా కేంద్రానికి వెళితే ఒరిగేదేమిటని అడిగారు. అరవై దాటిన మీ అమ్మగారి మోకాళ్ల నొప్పి సంగతి కూడా రాశారు. ఒరిగేది ఉందండి. కాకపోతే గోడల మీద అంటించే ప్రకటనల్లో రాసి ఉండేది మాత్రం కాదు.

మాది నరసాపురం, నేను లేసు అల్లుతాను. మా చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ఆడవాళ్ల పని ఇదే. ఎడమ చూపుడు వేలికి దారం చుట్టుకుని, కుడి చేత్తో సూది ఆడిస్తూ, తల వంచుకుని గంటల తరబడి కూర్చోవాలి. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా కూర్చున్నప్పుడు అది వెన్నుపూసల మీద నిలుస్తుంది, ముందుకు వంచిన కొద్దీ ఆ బరువు మెడ వెనక కండరాల మీద పడుతుంది. ఆర్డరు గడువు దగ్గరపడిందంటే రాత్రి దిండు మీద మెడ ఎటు పెట్టినా కుదిరేది కాదు. తెల్లవారేసరికి కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కి ఉండేవి.

వీడియోలు నేనూ చూశాను. అందులో వాళ్లు వేసే భుజంగాసనం, అదే బోర్లా పడుకుని పాము పడగలా ఛాతీ పైకెత్తేది, చక్కగానే ఉంటుంది. మనం వేసేది ఎలా ఉందో ఫోనుకు తెలియదు కదా! కేంద్రంలో చేరిన కొత్తలోనే మాస్టారు నా వెనక నిలబడి, కుడి భుజం ఎడమ దానికన్నా ఎత్తుగా ఉందని చెప్పారు. ఇన్నేళ్లు అద్దంలో చూసుకుంటున్నా అది నాకు కనబడలేదు, ఇంట్లో వాళ్లకూ కనబడలేదు. ఆయన ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు, పిల్లవాడి నడక చూసి చెప్పు ఎక్కడ కరుస్తోందో చెప్పగలిగే మనిషి. నన్ను భుజంగాసనంలో పైకి లేవనివ్వకుండా, ముందు భుజాలను చెవులకు దూరంగా దించడం నేర్పారు. తర్వాత చేతులూ మోకాళ్ల మీద నిలిచి పిల్లిలా వీపు వంచే మార్జాలాసనం, ఆపైన చేతులు వెనక్కి తీసుకెళ్లి వేళ్లు కలిపే గోముఖాసనం. నా వేళ్లు ఒకదానికొకటి అందకపోతే మధ్యలో తువ్వాలు పట్టుకోమన్నారు. మెడ నొప్పి ఉన్నవాళ్లను శీర్షాసనం దరిదాపులకు కూడా రానివ్వరు. బీపీ ఉన్నవాళ్లకు, ఊపిరిని బలంగా బయటికి నెట్టే కపాలభాతి వద్దంటారు. ముందు కూర్చున్నది ఎవరో తెలిస్తేనే చెప్పగలిగే మాటలివి.

ఆ కేంద్రం ఒక మేడ మీది రేకుల షెడ్డు, అంతే. ఎండాకాలం తెల్లవారుజామున కూడా ఉక్కపోతే, చెమటకు రబ్బరు చాప మీద చేయి జారుతుంది. అందుకే మేమంతా పైన నూలు దుప్పటి పరుచుకుంటాం. సఖినేటిపల్లి నుంచి ఒకావిడ పంటు మీద గోదావరి దాటి వస్తారు. వరదకు పంటు ఆపేస్తే రాలేరు. కార్తిక మాసంలో సగం మంది రేవులో స్నానాలు ముగించుకుని ఆలస్యంగా వస్తారు, సంక్రాంతి మూడు రోజులూ చాపలు ఖాళీ. మిగతా రోజుల్లో మాత్రం రానివాళ్ల గురించి వాకబు చేసే నలుగురు ఉంటారు. బద్ధకించిన రోజున నన్ను లేపేది ఆ నలుగురే, నా పట్టుదల అని గొప్పలు చెప్పుకోను.

ఇంటిపని చాలదా, మళ్లీ వ్యాయామం దేనికి అని మా అత్తగారు అనేవారు. ఊడవడం, బిందె మోయడం అన్నీ ముందుకు వంగే పనులే, అదీ ఎప్పుడూ ఒకే పక్కకు. వెనక్కి వంగే పని ఇంట్లో ఏముంది?

మెడ కుదుటపడటానికి కొన్ని నెలలు పట్టింది. ఇప్పుడు పని మధ్యలో నా అంతట నేనే భుజాలు దించుకుంటాను, సూది పక్కన పెట్టి మణికట్లు తిప్పుకుంటాను. నిద్ర మాత్రం చాలా ముందే బాగుపడింది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే పడుకునే ముందు, తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు వదలమంటారు మాస్టారు. భ్రామరి ప్రాణాయామంలో తుమ్మెదలా ఝుంకారం చేస్తూ వదిలితే ఆ నిడివి దానంతటదే వస్తుంది.

బరువు పెద్దగా తగ్గలేదు. థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటూనే ఉన్నాను. యోగాతో షుగరు మాత్రలు మానేయవచ్చని చెప్పేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. అలాంటి చోట మీ అమ్మగారిని చేర్చకండి.

ఆవిడ మోకాళ్లను ముందు ఎముకల డాక్టరుకు చూపించి, ఏమి చేయకూడదో అడిగి, ఆ మాట కేంద్రంలో మొదటి రోజే చెప్పండి. మా దగ్గర అలాంటివాళ్లకు కుర్చీ వేస్తారు. కూర్చున్నచోటే కాలు చాచి తొడ కండరం బిగించడం, గోడ పట్టుకుని నిటారుగా నిలబడే తాడాసనం, శవాసనంలో మోకాళ్ల కింద దిండు. మోకాళ్లు పూర్తిగా మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం వేయమని పట్టుబట్టే చోటైతే మరో కేంద్రం చూసుకోండి. భోజనం చేసి మూడు నాలుగు గంటలైనా గడవాలి కాబట్టి ఆవిడకు ఉదయం తరగతే నయం. రుసుము మాత్రం ఏ నెలకు ఆ నెల కట్టండి. ఏడాదిది ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, కానీ ఆవిడకు అక్కడ నచ్చుతుందో లేదో ముందు తేలాలి కదా.