తమ్ముడు రాలేదు, భర్త వచ్చీ రానట్టే ఉన్నాడు

ప్రశ్న: మాది గంజాం జిల్లాలో గోపాల్‌పూర్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా ఆయన ఫైబర్ బోటుకి తండేలు, అంటే బోటు నడిపే పెద్ద. దసరా ముందు అయిదుగురు వేటకెళ్ళారు, అందులో మా తమ్ముడొకడు. వాయుగుండం పట్టేసి రెండు రాత్రులు సముద్రంలోనే ఉండిపోయారు. మూడోనాడు నలుగురే వచ్చారు. తమ్ముడు దొరకలేదు. మా ఆయన మా అమ్మకి స్వయానా మేనల్లుడు. చిన్నప్పుడే తల్లి పోతే అమ్మే పెంచింది. ఇప్పుడు అదే అమ్మ "నా కొడుకుని నీళ్ళలో వదిలేసి వచ్చాడు, బోటు వెనక్కి తిప్పలేదు" అంటోంది. మా గుమ్మం తొక్కడం లేదు, దినకార్యం చెయ్యనివ్వడం లేదు. నాలుగు నెలలుగా మా ఆయన వేటకి వెళ్ళడం లేదు. వానొస్తే రేకుల కింద ఉండలేక బయటికెళ్ళి తడుస్తూ నిలబడతారు. నెత్తిన నీళ్ళు పోసుకోరు. రాత్రంతా కూర్చునే ఉంటారు. తాగుడు ఎక్కువైంది. "నేనూ పోవాల్సింది" అని రెండుసార్లు అన్నారు. ఇంకో సంగతి. ఒడ్డుకి వచ్చెయ్యమని ఫోనులో కబురొచ్చినా "ఇంకొక్క వల లాగి పోదాం" అన్నది ఆయనేనట, తోటివాళ్ళు చెప్పారు. అమ్మకి తెలియదు. చెప్పాలా? షావుకారు అప్పు నెత్తిమీదుంది, ఆయన్ని మళ్ళీ వేటకి పంపాలా? అమ్మ ఒకవైపు, ఆయన ఒకవైపు. నేనెటు?

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి వస్తాను. దానికంటే ముందు, ఉత్తరం మధ్యలో మీరు చెప్పీ చెప్పనట్టు రాసిన మాట ఒకటుంది, "నేనూ పోవాల్సింది" అన్నది. దాన్ని తాగిన మైకంలో మాటగా వదిలెయ్యకండి. తాగని వేళ చూసుకుని, పక్కన కూర్చుని, నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగో ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్ళు ఒకరున్నారని తెలిస్తే మనిషికి ఊపిరాడుతుంది. అవునంటే మాత్రం ఒంటరిగా వదలకండి, తాగి ఉన్న రాత్రి అసలు వదలకండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ. ఏ వేళప్పుడైనా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ తర్వాత ఆయన్ని బరంపురం తీసుకురండి. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీ ఊళ్ళవాళ్ళు అక్కడ ఒడియాలో "నిద్ర పట్టట్లేదు" అని ఒక్కమాట చెప్పి, మాత్రలు పుచ్చుకుని వెళ్ళిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. చేపల బేరానికి సరిపోయే ఒడియా ఇలాంటి సంగతి చెప్పుకోవడానికి సరిపోదు. తెలుగూ ఒడియా రెండూ బాగా వచ్చిన మనిషినొకరిని వెంట తెచ్చుకోండి. ఆ మనిషి ఆ బోటులోవాడు కాకుండా ఉంటే మేలు. నెత్తిన నీళ్ళు పోసుకోకపోవడం, రేకుల చప్పుడు, రాత్రంతా కూర్చునే ఉండడం, తాగుడు, చావు మాట, అన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళండి.

ఆయనకి జరుగుతున్నది పిరికితనమూ కాదు, గాలి సోకడమూ కాదు. ప్రాణం పోతుందనుకున్న రాత్రిని ఒళ్ళు మరిచిపోలేకపోతోంది. చెంబుడు నీళ్ళు తలమీద పడగానే, రేకులమీద చినుకు రాలగానే ఒంటికి మళ్ళీ ఆ రాత్రే మొదలవుతుంది. అందుకే వానలో బయటికి వెళ్ళి నిలబడతారు. లోపలుంటే కనిపించని చప్పుడు, బయటుంటే కళ్ళెదుట వాన. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత చాన్నాళ్ళు గాలి విసురు పెరిగితే చాలు, తలుపులు గడియ పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్ళు ఈ జిల్లాలో ఎంతమందో. చాలామందికి వారాల్లో అది తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే వైద్యం కావాలి. మీ ఆయనకి నాలుగు నెలలైంది. దీనికి మందులున్నాయి, ఆ రాత్రిని కొంచెం కొంచెంగా, భయం అదుపులో ఉంచుకుంటూ చెప్పించే చికిత్స కూడా ఉంది. ఇంట్లో మీరు మాత్రం "ఏం జరిగిందో చెప్పు" అని పట్టుబట్టకండి. చెప్పడం మొదలుపెడితే చేతిలో పని పక్కనపెట్టి వినండి, అంతే. సారా ఆ రాత్రికి మత్తు ఇస్తుంది గానీ నిద్రని ముక్కలు చేసి పీడకలల్ని పెంచుతుంది. అయితే చాలాకాలంగా రోజూ తాగుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. అది కూడా డాక్టరు చెప్పినట్టే జరగాలి.

ఇక "బోటు వెనక్కి తిప్పలేదు" అన్న మాట. అమ్మా, ఇది మీ ఇంటి మధ్యలో పడి ఉన్న బండరాయి, దీని గురించి వివరంగా చెప్పనివ్వండి. తుఫానులో చిక్కిన చిన్న బోటుకి ముఖ్యంగా ఉన్న దారి, ముక్కు అలకి ఎదురుగా పట్టి ఉంచడం. వెనక్కి తిప్పాలంటే మధ్యలో కాసేపైనా బోటు పక్క అలకి అడ్డంగా తిరగాలి. అప్పటికే లోపల నీళ్ళు, తడిసిన వల. అలాంటి బోటుకి ఆ కాసేపు చాలు, బోర్లా పడుతుంది. పైగా మూడు నాలుగు మీటర్ల అలల్లో, చీకట్లో, నీళ్ళలో పడిన మనిషి తల పక్కనే ఉన్నా కనిపించదు. తిప్పి ఉంటే మీ తమ్ముడు దొరికేవాడని చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మిగతా ముగ్గురు కూడా పోయేవాళ్ళని మాత్రం వేటగాళ్ళెవరైనా చెప్తారు. మీ అమ్మగారు కూడా సముద్రమ్మీద బతికిన ఇంటి మనిషే, ఈ మాట ఆవిడకి అర్థమవుతుంది. కాకపోతే మీ నోట వింటే మొగుణ్ణి వెనకేసుకొచ్చినట్టుంటుంది. బోటులో ఉన్న ముగ్గురిలో పెద్దవాణ్ణి పంపండి. కూర్చుని, తొందర లేకుండా, ఆ రాత్రి బోటు ఎలా ఉందో చెప్పమనండి.

"ఇంకొక్క వల" సంగతి వేరు. అందులో తప్పు లేదని నేను అనను. వచ్చెయ్యమని కబురొచ్చాక ఉండిపోవడం పొరపాటే, అది మీ ఆయనకీ తెలుసు. తెలుసు కాబట్టే నిద్ర లేదు. కానీ ఆ మాట ఆయన నోట ఎందుకొచ్చిందో కూడా చూడాలి. వల నీళ్ళలో ఉంది, షావుకారు అప్పు ఒడ్డున ఉంది, ఆకాశం ఇంకా తెరిపిగానే ఉండి ఉంటుంది. అల్పపీడనం ఒక్క పగలు గడిచేలోపు వాయుగుండమై కూర్చోవడం బంగాళాఖాతంలో కొత్తేం కాదు. అంతకుముందు అలా ఇంకొక్క వల లాగి క్షేమంగా వచ్చిన రోజులు ఆయనకీ, మీ ఊళ్ళో ప్రతి తండేలుకీ ఉంటాయి. పొరపాటు చేశాడని అనడానికీ చంపేశాడని అనడానికీ మధ్య చాలా దూరముంది. డాక్టరు దగ్గర ఆయన నెమ్మదిగా నడవాల్సిన దూరం అదే.

మీ అమ్మగారికి చెప్పాలా అంటే, చెప్పాలి. ముగ్గురికి తెలిసిన సంగతి ఒడ్డున చేపలు ఏరుకునేచోట ఏదో ఒకరోజు బయటపడుతుంది, అలా తెలిస్తే మీ ఇద్దరినీ ఆవిడ క్షమించలేరు. కానీ చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. ఇప్పుడు కూడా కాదు. వైద్యం మొదలై, నాలుగు గంటలు పడుకుని నిద్రపోగలిగి, తాగుడు అదుపులోకొచ్చాక. "అత్తా, ఆ మాట అన్నది నేనే" అని ఆయన అంటే ఆవిడ తిడతారు, శాపనార్థాలు పెడతారు. పెట్టనివ్వండి. ఎత్తుకుని పెంచిన చేతులవి. ఆ రోజు మీరు పక్కనుండండి, మధ్యలో మాట్లాడకండి.

దినకార్యం గురించి ఆవిడ్ని తొందరపెట్టకండి. శవం చూడని తల్లికి కార్యం చెయ్యడమంటే తన చేత్తో కొడుకుని చంపుకున్నట్టుంటుంది. బంగ్లాదేశ్ ఒడ్డున తేలాడేమో, ఏ జైల్లో ఉన్నాడోనన్న ఆశ మీ తీరంలో ప్రతి గల్లంతైన ఇంట్లోనూ ఉంటుంది, అది పిచ్చి కాదు. కార్యం మాట ఎత్తకుండా, ముందు ఒడ్డున గంగమ్మకి ఒక దీపం పెడదామని అడిగి చూడండి. ఉన్నాడన్నా పోయాడన్నా పెట్టగలిగే దీపం అది.

కాగితాల పని మాత్రం ఆగకూడదు. మెరైన్ పోలీసు స్టేషన్లో మీ తమ్ముడు గల్లంతైనట్టు కేసు నమోదైందా? కాకపోతే రేపే వెళ్ళండి, నకలు తీసుకోండి. ఏడేళ్ళు కబురు లేని మనిషిని చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. అన్నిచోట్లా అన్నాళ్ళూ ఆగలేదు, 2017లో ఓఖీ తుఫాను తర్వాత తమిళనాడు, కేరళల్లో గల్లంతైనవాళ్ళ కుటుంబాలకు ముందే సాయమిచ్చారు. మత్స్యకారుల ప్రమాద బీమాలో మీ తమ్ముడి పేరుంటే అయిదు లక్షలొస్తాయి. మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. ఆ డబ్బు మాట మీ అమ్మగారి దగ్గర మీ ఆయన తరఫున ఎవరూ ఎత్తకూడదు సుమా.

వేటకి పంపాలా? ఇప్పుడు వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. ఆ 61 రోజులు చాలా మరబోట్లు కదలవు, మీ ఆయన ఎందుకు వెళ్ళలేదని అడిగేవాళ్ళు తగ్గుతారు. ఈలోపు వల అల్లడం మొదలుపెట్టమనండి, చేతులకి తెలిసిన పని. తర్వాత డాక్టరు సరేనంటే ఇసుకలో కట్టేసిన బోటు పక్కన కాసేపు కూర్చోవడం, ఇంకొన్నాళ్ళకి పాదాలు తడపడం. జూన్ దాటాక కూడా వెళ్ళలేనంటే బలవంతం చెయ్యొద్దు. వెళ్తే మాత్రం లైఫ్ జాకెట్ ఒంటిమీదుండాలి, పెట్టెలో కాదు. సముద్రంలో ఆపద వస్తే చెయ్యాల్సిన కోస్ట్‌గార్డు నంబరు 1554, బోటులో అందరి ఫోన్లలోనూ ఉండాలి. అప్పు సంగతికి వస్తే, ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని షావుకారుని గడువు అడగండి. మీరొక్కరే వెళ్ళకండి.

ఎటువైపు అన్నారు. మీ ఉత్తరంలో అమ్మ ఏమంటోందో రాశారు, ఆయన ఏం చేస్తున్నారో రాశారు. మీ తమ్ముడి గురించి ఉన్నది రెండు ముక్కలు: బోటులో ఉన్నాడు, దొరకలేదు. మీరు ఏడ్చినట్టు ఎక్కడా లేదు. ఆయన ఎదుట ఏడిస్తే నింద వేసినట్టవుతుందని, అమ్మ ఎదుట ఏడిస్తే ఆయన్ని ఒప్పజెప్పినట్టవుతుందని ఆపుకున్నారేమో. ఇద్దరికీ కాపలా కాస్తూ మీ తోడబుట్టినవాడి కోసం ఏడవడానికి చోటు లేకుండా చేసుకున్నారు. గంపెత్తుకుని వెళ్ళేటప్పుడు మీతో నడిచే ఆడవాళ్ళలో ఒకరిని నమ్మండి, ఆవిడ దగ్గర ఏడవండి. ఆయనతో బరంపురం వచ్చినరోజు డాక్టరుకి మీ గురించి కూడా చెప్పండి.

మళ్ళీ ఉత్తరం రాయండి. ఈసారి మీ తమ్ముడి గురించి రాయండి. మీకంటే ఎన్నేళ్ళు చిన్న, మిమ్మల్ని ఏమని పిలిచేవాడు, వేట నుంచి వచ్చినరోజు ఏ చేప మీకోసం పక్కన పెట్టేవాడు.