తుమ్ములకి క్వెర్సెటిన్ బిళ్ళలు కొనాలా?

విశాఖ సీతమ్మధారలో అక్టోబరు వచ్చిందంటే సాయంత్రాలు తుమ్ములే తుమ్ములు, క్వెర్సెటిన్, విటమిన్ సి బిళ్ళలు కొననా అని అడిగారు కదండీ. కంగారుపడి కొనకండి. క్వెర్సెటిన్ అంటే మన ఉల్లిపాయల్లో ఉండేదే. ఒంట్లో తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే పదార్థం విడుదలని అడ్డుకుంటుందని ల్యాబుల్లో కనిపించింది గానీ, మనుషుల్లో ఆధారాలు అంతంతమాత్రమే. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. విటమిన్ సి రోజుకి 2,000 మిల్లీగ్రాములు దాటితే కడుపు పాడవుతుంది, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి ఇంకా చిక్కు. దానికన్నా ఉసిరికాయ తినండి, చవక. బటర్‌బర్ అనే మూలిక మాత్రం వద్దే వద్దు, శుద్ధి చేయని సరుకు లివర్‌ని దెబ్బతీస్తుంది.

నాకు నిజంగా పనిచేసింది ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం. పావు లీటరుకి అర టీస్పూను ఉప్పు చాలు. మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడాలి, కుళాయి నీళ్ళు నేరుగా వద్దు. మొదటిరోజు నన్ను చూసి మా ఆవిడ నవ్విన నవ్వు ఇంకా గుర్తే!

మీ వీధిలో ఏడాకుల పొన్న చెట్లున్నాయేమో చూడండి. అవి పూసేది ఆ రోజుల్లోనే, ఆ ఘాటు వాసన కొందరికి పడదు. సాయంత్రం అటువైపు కిటికీలు మూసేయండి. అలర్జీ మాత్ర సెటిరిజిన్ వేసుకుంటే మగతొస్తుంది, బండి నడపకండి. ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి మన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకోండి.