ప్రభుత్వ ఆసుపత్రిలో పోషకాహార నిపుణులకు పని ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసి, న్యూట్రిషన్ చదువుతానంటోంది. బరువు తగ్గించే క్లినిక్కుల్లో తప్ప ఈ చదువుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో విలువ ఉంటుందా? – ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: విలువ ఉంటుంది, నా దృష్టిలో ఈ చదువు అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది అక్కడే. వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పేద రోగుల్లో చాలామంది మంచం ఎక్కకముందే చిక్కిపోయి ఉంటారు. జబ్బు, ఆపరేషన్, కాలిన గాయాలు శరీరానికి కావలసిన మాంసకృత్తులను పెంచుతాయి, ఆకలిని మాత్రం చంపేస్తాయి. అందుకే డాక్టర్, డైటీషియన్, నర్సు, ఫార్మసిస్టు కలిసి ఒక బృందంగా పనిచేయాలి. రోగి చేరగానే బరువు చూసి, ఇటీవల ఎంత తగ్గారో, ఎంత తినగలుగుతున్నారో అడిగి, నోటితో సరిపోతుందా, ముక్కు గొట్టం ద్వారా ఇవ్వాలా అన్నది ఆ బృందమే తేలుస్తుంది.

ఇది ప్రేమతో నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టే పని కాదు. చాలా రోజులు తిండి లేని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లలకు కూడా మొదట తక్కువ శక్తినిచ్చే ఎఫ్-75 అనే చికిత్సా పాలు, కుదుటపడ్డాక ఎక్కువ శక్తినిచ్చే ఎఫ్-100 పాలు ఇస్తారు. క్షయ విషయంలో, జార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనంలో, రోగుల కుటుంబ సభ్యులకు అదనపు ఆహారం అందించినప్పుడు వారిలో కొత్తగా క్షయ జబ్బు రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఇంటి నుంచి అన్నం క్యారేజీ తెచ్చే బంధువుతో ఓపికగా మాట్లాడి, జావలో, పప్పులో, గుడ్డులో ఏది ఎంత పెట్టాలో చెప్పడమూ ఈ ఉద్యోగంలో భాగమే. దీనికి మన ప్రాంతపు తిండి తెలిసినవారే కావాలి.

పోస్టులు తక్కువన్నది నిజం. నోటిఫికేషన్ కోసమే ఎదురుచూడకుండా ప్రైవేటు ఆసుపత్రుల్లో అనుభవం సంపాదించాలి. డిగ్రీతో ఆగకుండా ఎమ్మెస్సీ చేయించండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అనువర్తిత పోషణపై ఆ కోర్సు ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 చట్టం ఈ వృత్తినీ తన పరిధిలోకి తెచ్చింది కాబట్టి, కాలేజీ గుర్తింపును ముందే సరిచూసుకోండి. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీని మరొక్కటి అడగండి: విద్యార్థులను ఏ ఆసుపత్రి వార్డుల్లో, ఎన్ని నెలలు శిక్షణకు పంపుతారు? స్పష్టమైన జవాబు రాకపోతే అక్కడ చేర్పించకండి.