పెద్దల చేతికి ముద్దు: ఇస్లాంలో ఉందా?

చిత్తూరులో నిఖాకి వెళ్తే పెళ్ళికొడుకు వాళ్ళ తాత చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు, ఇది కాళ్ళకు దండం పెట్టడం లాంటిదేనా అని ప్రశ్న.

ఇస్లాంలో ఉంది, కానీ తప్పనిసరి కాదు. ముహమ్మద్ ప్రవక్త వస్తే కూతురు ఫాతిమా లేచి ఆయన చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకునేవారనీ, ఆమె వస్తే ఆయనా అలాగే చేసేవారనీ అబూ దావూద్ కూర్చిన హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలూ చేతల సంకలనంలో, ఉంది. 13వ శతాబ్దపు పండితుడు నవవీ మాట ఇంకా స్పష్టం: ఎదుటివాళ్ళ భక్తికీ విద్యకీ అయితే మంచిదే, డబ్బుకీ పదవికీ అయితే గట్టిగా వద్దు.

కాళ్ళ దండంతో తేడా నడుం దగ్గరుంది. ముందు సలాం చెప్పాలి. పెద్దాయన కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని పైకెత్తుకోవాలి. చెయ్యే పెదవుల దాకా రావాలి గానీ నమాజులో నడుం వంచే రుకూలా మనం వంగకూడదు. ఆయన మంచం మీదుంటే పక్కన కూర్చుంటే సరి. మెటికల వెనుక పెదవులు తాకితే చాలు, చప్పుడక్కర్లేదు. కొందరు ఆ చేతిని కళ్ళకద్దుకుంటారు, అది వాడుక. నుదురు ఆనిస్తే మాత్రం నమాజులో నుదురు నేలకు ఆనించే సజ్దాలా ఉందని అభ్యంతరం చెప్పేవాళ్ళున్నారు.

ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: ఎదుటివాళ్ళకు చెయ్యి కలిపి, తర్వాత తన చేతినే తాను ముద్దు పెట్టుకోవడం. చూడ్డానికి మర్యాదగానే ఉంటుంది గానీ ఇస్లాం ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీ గ్రంథాలు దీన్ని మక్రూహ్ అంటాయి, అంటే మానుకోవాల్సిన పని.

అమ్మ, నానమ్మ సరే, పరాయి స్త్రీల చెయ్యి అసలు పట్టుకోరు. గుండె మీద చెయ్యి పెట్టి సలాం అంటే సరిపోతుంది. అతిథిగా వెళ్ళిన మీకూ అంతే.