టెక్ సందేహాలు: మెరిసే వెబ్‌సైట్ కావాలా, తెరుచుకునే వెబ్‌సైట్ కావాలా?

వెబ్‌సైట్ల డిజైన్ మీద కొంతకాలంగా పోగుపడిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది. మిగిలినవాళ్లు మన్నించాలి.

మంగళగిరిలో మాకు చేనేత చీరల దుకాణం ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల కోసం వెబ్‌సైట్ చేయిస్తున్నాం. తెర నిండా వీడియో, అద్దంలాంటి పారదర్శక పెట్టెలు, కిందికి జరుపుతుంటే ఎగిరొచ్చే బొమ్మలు పెడతామని డెవలపర్ అంటున్నారు. ఇప్పటి ట్రెండ్ ఇదేనా?
– ఒక వ్యాపారి, మంగళగిరి

ట్రెండ్ అదే. మీ డెవలపర్ అబద్ధమేమీ చెప్పలేదు. 2025 జూన్‌లో యాపిల్ తన ఫోన్లకు, కంప్యూటర్లకు ‘లిక్విడ్ గ్లాస్’ అనే కొత్త రూపాన్ని ప్రకటించాక వెబ్ డిజైనర్లకు మళ్లీ అద్దాల మోజు పట్టుకుంది. మళ్లీ అని ఎందుకంటున్నానంటే, 2007లో వచ్చిన విండోస్ విస్టాలోనూ ఇలాంటి గాజు అంచులే ఉండేవి. తర్వాత అవి పాతబడ్డాయి. 2013లో ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7, 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ వచ్చి అందరినీ చదునైన, సాదా రూపానికి మళ్లించాయి. ఇప్పుడు మళ్లీ గాజు వచ్చింది. ఎన్నాళ్లుంటుందో చెప్పి పందెం కాయను.

యాపిల్‌కే ఈ గాజు సాఫీగా కుదరలేదు. వెనకున్న రంగులు పైకి తేలి అక్షరాలు చదవలేకపోతున్నామని జనం మొత్తుకోవడంతో, ఐఓఎస్ 26.1లో పారదర్శకతను తగ్గించుకునే సదుపాయం ఇవ్వాల్సి వచ్చింది. ఇక మీ చీర సంగతి చూడండి. ముదురాకుపచ్చ చీర, దానికి జరీ అంచు. ఆ ఫొటో మీద పారదర్శకమైన పెట్టె, అందులో తెల్లటి అక్షరాలతో ధర. ఆకుపచ్చ మీద ఉన్నంతసేపూ ధర బాగానే కనిపిస్తుంది. ఫోన్ తెర ఇరుకు కాబట్టి పెట్టె కాస్త జరిగి జరీ మీదకు వచ్చిందంటే అంకెలు మాయం! అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య వెలుగులో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. పెద్ద అక్షరాలకైతే 3కు 1 చాలు. ఫొటో మీద పరిచిన అద్దం ఈ లెక్కను ప్రతి చీరకూ మార్చేస్తుంది. పైగా వెనకున్న బొమ్మను మసకబార్చే పని ఫోనే చేయాలి. చవక ఫోన్లలో అలాంటి పేజీ ఆగి ఆగి కదులుతుంది.

వీడియో సంగతికి వస్తే, పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న గీటురాయి. నొక్కిన దానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి. లోడయ్యేటప్పుడు పేజీలోని వస్తువులు అటూ ఇటూ గెంతకూడదు. ‘కొనండి’ అన్న బటన్ నొక్కబోతే పైన ఏదో బొమ్మ ఆలస్యంగా వచ్చి, బటన్ కిందికి జారి, వేలు ఇంకెక్కడో పడటం మనందరికీ అనుభవమే. ఫొటోల పొడవు వెడల్పులు ముందే కోడ్‌లో రాసి ఉంచితే ఈ గెంతులు చాలావరకు ఆగిపోతాయి. డెవలపర్లు బద్ధకించే చోటు సరిగ్గా ఇదే.

తెర నిండా వీడియోను మొదటి పేజీ నెత్తిన పెట్టి ఆ రెండున్నర సెకన్లలో తెరవడం మొబైల్ డేటా మీద కష్టం. వీడియో కావాలంటే చీర పేజీలో, నొక్కితేనే నడిచేలా పెట్టించండి. కొంగు ఎలా జారుతుందో, నేత దగ్గరగా ఎలా ఉంటుందో చూపే పది సెకన్ల వీడియోకు అక్కడ నిజంగా విలువ ఉంటుంది. ఎగిరొచ్చే బొమ్మలను మాత్రం మొహమాటం లేకుండా వద్దనండి. మొదటి పేజీలో వాటంతటవే మారే స్లైడ్‌లు కూడా వద్దు. అమెరికాలోని నోట్రడామ్ విశ్వవిద్యాలయం సైట్‌లో 2013లో లెక్కతీస్తే, వచ్చినవారిలో ఇంచుమించు ఒక్క శాతమే స్లైడ్‌లను నొక్కారు. ఆ నొక్కులలోనూ 84 శాతం మొదటి స్లైడ్ మీదే పడ్డాయి.

ఆ డబ్బు ఫొటోల మీద పెట్టండి. పగటి వెలుగులో, అసలు రంగు వచ్చేలా తీయించండి. కెమెరా నుంచి దించిన ఫొటోను యథాతథంగా ఎక్కించకుండా, 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి తక్కువ బరువుండే వెబ్‌పీ లేదా ఏవీఐఎఫ్ ఫైలు రూపంలోకి మార్చమనండి. బిల్లు చెల్లించే ముందు ఒక పని చేయండి. దుకాణంలో అందరికంటే చవకైన ఫోన్ ఎవరి దగ్గరుందో వారిని పిలిచి, వైఫై ఆపేసి, ఎండలో నిలబడి సైట్ తెరవమనండి. ధర, రంగు, వాట్సాప్ బటన్ వెంటనే కనిపించాయా? అయితే డబ్బిచ్చేయండి. గూగుల్ వారి ‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’ ఉచితం. అందులో మీ సైట్ చిరునామా కొడితే నేను పైన చెప్పిన వేగం లెక్కల్లో చాలావరకు వస్తాయి.

మేం కథల పత్రికను వెబ్‌సైట్‌గా మార్చాం. కొనుక్కున్న థీమ్ (సైట్‌కు రెడీమేడ్ రూపం) ఇంగ్లిష్‌లో అందంగా ఉంది. తెలుగు పెట్టగానే వత్తులు తెగిపోతున్నాయి. పాత సంచికలు అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.
– ఒక సంపాదకురాలు, హనుమకొండ

పెద్ద పెద్ద అక్షరాలతో శీర్షికలు పెట్టడం, వాటిని దగ్గరదగ్గరగా ఇరికించడం ఇప్పటి ఇంగ్లిష్ థీమ్‌ల ఫ్యాషన్. వాటి వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు 1.1 రెట్లో, 1.2 రెట్లో ఉంటుంది. మన అక్షరానికి నెత్తిన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు. ‘రాష్ట్రం’ అని శీర్షిక పెట్టి చూడండి, ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. ఈ ఎడాన్ని, అంటే లైన్ హైట్‌ను, శీర్షికలకు 1.5, కథకు 1.8 దరిదాపులకు పెంచమనండి. అక్షరాల మధ్య ఎడం మార్చే లెటర్ స్పేసింగ్‌ను సున్నా చేయించండి. ఏటవాలు అక్షరాలు మానేయండి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి అసలైన ఏటవాలు రూపం లేదు, బ్రౌజరే బలవంతాన వంచుతుంది.

ఇంకో చిక్కు ఉంది. థీమ్‌లు శీర్షికను ఇన్ని అక్షరాల దగ్గర తుంచి చుక్కలు పెడతాయి. మన కంటికి ‘స్త్రీ’ ఒకటే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం అని విడివిడిగా లెక్కపెట్టి నడిమధ్యలో నరికేస్తుంది. లెక్కపెట్టి తుంచే పద్ధతి తీసేసి, రెండు వరుసలు నిండాక ఆగేలా మార్చమనండి. అక్షరం ముక్కలు కాదు.

ఫాంట్లకు కొదవ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రామభద్ర ఉన్నాయి. అనేక్ తెలుగు అనేది వేరియబుల్ ఫాంట్. ఒకే ఫైలుతో సన్నగా, లావుగా, ఇరుకుగా, వెడల్పుగా ఎలా కావాలంటే అలా వాడుకోవచ్చు. మండలి, రామభద్ర వంటి ఫాంట్లను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ. కథలకు నేనైతే నోటో సెరిఫ్ వాడతాను. ఒక సైట్‌కు రెండు ఫాంట్లు మించకూడదు. గుణింతాలు, వత్తులు అన్నీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైళ్లు బరువు.

పిచ్చి గుర్తుల సంగతి వేరు. మీ పాత సంచికలు బహుశా అను ఫాంట్లలో టైప్ చేసినవి. డీటీపీ కేంద్రాల్లో వాడే ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ప్రూఫు చూడకుండా మాత్రం ప్రచురించకండి.

డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ ఆదా అవుతుందంటారు, నిజమేనా? మా సైట్‌లో పెట్టాలా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కర్నూలు

ఓఎల్ఈడీ తెర ఉన్న ఫోన్లలో నిజమే. నల్లగా ఉన్న చోట ఆ పిక్సెల్ వెలగదు. ఎల్‌సీడీ తెరల్లో వెనక దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, లాభం లేదు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం 2021లో పరీక్షిస్తే, తెర వెలుతురు 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు ఆదా సగటున 3 నుంచి 9 శాతమే. వెలుతురు పూర్తిగా పెంచినప్పుడు 39 నుంచి 47 శాతం దాకా వచ్చింది. చీకటి మోడ్‌ను అందరి మీదా రుద్దకండి. సందర్శకుడి ఫోన్ ఏ మోడ్‌లో ఉందో సైట్ తెలుసుకుని దాన్నే పాటించేలా రాయవచ్చు. కటిక నలుపు మీద తెల్లటి తెలుగు కళ్లకు గుచ్చుకుంటుంది. ముదురు బూడిద రంగు వాడండి.

ఏఐతో సైట్ చేయించాను. అరగంటలో వచ్చింది. కానీ మా స్నేహితుడి సైట్, మాది కవల పిల్లల్లా ఉన్నాయి. రెండూ ఊదా రంగే!
– ఒక ట్యూషన్ మాస్టారు, ఖమ్మం

ఊదా రంగుకు ఒక వంశవృక్షం ఉంది. టెయిల్‌విండ్ అనే డిజైన్ పనిముట్టుతో ఇచ్చిన నమూనాల్లో బటన్లకు ఇండిగో రంగు వేశారు. వేలమంది డెవలపర్లు దాన్నే వాడారు. ఆ కోడ్ చదివి నేర్చుకున్న ఏఐకి బటన్ అంటే ఆ రంగే అనిపించింది. టెయిల్‌విండ్ సృష్టికర్త ఆడమ్ వాథన్ 2025లో సరదాగా క్షమాపణ కూడా చెప్పారు.

ఏఐని ‘అందమైన సైట్ చెయ్యి’ అని అడిగితే ఇలాగే ఇస్తుంది. మీ రంగులు రెండు, ఫాంట్ ఒకటి, మీ గది ఫొటోలు నాలుగు ఇవ్వండి. ఏ తరగతులు, ఏ వేళలు, ఫీజు ఎంత అన్నది మీ మాటల్లో రాసి పెట్టండి. అది రాసిన ‘మీ భవిష్యత్తుకు రెక్కలు’ లాంటి వాక్యాలన్నీ కొట్టేయండి. పిల్లల తల్లిదండ్రులు చూసేది ఫీజూ వేళలే.

మా తెలుగు సంఘం సైట్ 2009లో చేసింది. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేసి చదవాల్సి వస్తోంది. మరమ్మతు చేయాలా, కొత్తది కట్టాలా?
– ఒక సంఘం కార్యదర్శి, డాలస్

కొత్తదే కట్టండి. తెరను బట్టి పేజీ ఒదిగే ‘రెస్పాన్సివ్’ డిజైన్‌ను ఈథన్ మార్కాట్ ప్రతిపాదించిందే 2010 మేలో. మీది అంతకు ముందుది. గూగుల్ కూడా ఇప్పుడు సెర్చ్ కోసం సైట్ల మొబైల్ రూపాన్నే లెక్కలోకి తీసుకుంటోంది. పాత ఉగాది ఫొటోలు, సావనీర్లు మాత్రం పారేయకుండా, వాటి పేజీల చిరునామాలు మారకుండా కొత్త సైట్‌కు తరలించండి.

బస్సు టికెట్ల సైట్‌లో నేను అడగకుండానే బీమా టిక్ అయి ఉంటోంది. ‘ఇంకా రెండు సీట్లే’ అని తొందరపెడుతోంది. ఇదీ డిజైనేనా?
– ఒక ఉద్యోగిని, విశాఖపట్నం

డిజైనే, కానీ నిషేధించినది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 ఎత్తుగడలను డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మాయచేసే డిజైన్లు)గా గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. అడగనిది బుట్టలో వేయడం, లేని తొందర పుట్టించడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. సీట్లు నిజంగానే రెండుంటే తప్పు లేదు, అబద్ధమైతేనే తప్పు. బీమా టిక్ కనిపిస్తున్న తెరను డబ్బు కట్టకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.